బ్రోషర్‌లో ‘రినౌన్డ్’: పుట్టపాక నేత కుటుంబం ఇంగ్లిష్ పేజీ దిద్దిన కేసు

హైదరాబాద్‌లో ఇంగ్లిష్ ఎడిటింగ్ నా పని. నా దగ్గరికి ఎక్కువగా చేతివృత్తుల వాళ్ల కాగితాలే వస్తాయి. ఎగ్జిబిషన్ బ్రోషర్లు, చీరలకు కట్టే ట్యాగులు, విదేశీ కొనుగోలుదారులకు పంపే మెయిళ్లు, అప్లికేషన్లు. ‘రినౌన్డ్’ అన్న మాట కనిపించని కాగితం వీటిలో అరుదు. ప్రసిద్ధి చెందిన, పేరుగాంచిన అని దాని అర్థం. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలియనిదల్లా ఆ మాట ఎక్కడ అతుకుతుంది, ఎక్కడ అతకదు, వాడిన చోట చదివేవాళ్లు దాని నుంచి ఏం ఆశిస్తారు అన్నదే. ఈ కేసులో ఆ ఒక్క మాటను దిద్దబోతే పేజీ మొత్తం మారిపోయింది. అందుకే వివరంగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. పేర్లు మాత్రం ఇవ్వడం లేదు.

వచ్చిన కాగితం

వాళ్లది యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక. తండ్రి మగ్గం మీద కూర్చుంటాడు, తల్లి ఆసు పోస్తుంది, అంటే నూలును మేకుల చుట్టూ చుడుతుంది, అన్న రంగులు చూసుకుంటాడు. డిగ్రీ చదివిన కూతురు అమ్మకాలు, ఫోన్లు, ఇన్‌స్టాగ్రామ్ చూసుకుంటోంది. ఢిల్లీలో ఒక చేనేత ఎగ్జిబిషన్‌లో స్టాల్ దొరికింది. నిర్వాహకులు ఇంగ్లిష్‌లో ఒక పేజీ పరిచయం అడిగారు. ఆ అమ్మాయే కూర్చుని రాసి, "కొంచెం గ్రామర్ చూడండి మేడమ్, టెన్షన్‌గా ఉంది" అంటూ నాకు పంపింది.

మొదటి వాక్యం ఇది: "వియ్ ఆర్ రినౌన్ వీవర్స్ ఫ్రమ్ ది రినౌన్డ్ విలేజ్ పుట్టపాక." తర్వాతి పేరాలో "అవర్ శారీస్ ఆర్ రినౌన్డ్ టు ఇకత్ డిజైన్స్." (నూలును ముందే కట్టి, రంగులు అద్ది నేసే పద్ధతి ఇకత్.) ఇంకో చోట మాటలో అదనంగా ‘కె’ అక్షరం చేరింది. పేజీ సగానికి వచ్చేసరికి ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందని తనకే అనిపించినట్టుంది. అక్కడి నుంచి ఫోన్‌లో దొరికిన పర్యాయపదాలు మొదలయ్యాయి. ‘ఇల్లస్ట్రియస్ కాటన్’, ‘ఎమినెంట్ దుపట్టాస్’ వచ్చాయి. చివరి పేరాలో "అవర్ క్లాత్ ఈజ్ నొటోరియస్ ఫర్ ఫాస్ట్ కలర్స్" అని ఉంది.

గ్రామర్ మాత్రం చూసి పంపేస్తే అరగంట పని. కానీ పేజీ అంతా చదివాక ఒకటి గమనించాను. ‘రినౌన్డ్’ నాలుగైదు సార్లు ఉంది కానీ ఆ పేరు దేనివల్ల వచ్చిందో ఒక్క వాక్యంలోనూ లేదు. నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాల్ అన్న మాటే పేజీలో లేదు! పుట్టపాక గురించి రాస్తూ అది వదిలేస్తే మిగిలేది ఏముంది? అందుకే ఫోన్‌లో దిద్దకుండా ఊరికి వెళ్లి మాట్లాడాలని అనుకున్నాను.

మాటలో ఏముంది

ముందు ఆ అమ్మాయితో మాట గురించే కాసేపు కూర్చున్నాను. తప్పు చూపించి దిద్దిస్తే ఆ ఒక్క తప్పే పోతుంది. ఎందుకు జరిగిందో తెలిస్తే ఆ రకం తప్పులన్నీ పోతాయి.

‘రినౌన్’ నామవాచకం, అంటే కీర్తి, ఖ్యాతి. ‘రినౌన్డ్’ విశేషణం, అంటే ఖ్యాతి పొందిన. కాబట్టి ‘రినౌన్ వీవర్స్’ అనడం ‘ఖ్యాతి నేతగాళ్లు’ అన్నట్టుంటుంది. నామవాచకం వాడాలంటే ‘వీవర్స్ ఆఫ్ రినౌన్’ అనాలి. ఆ వాడుక చాలా పాతది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఆదికాండం ఆరో అధ్యాయంలో ‘మెన్ ఆఫ్ రినౌన్’ అని ఉంది. తెలుగు బైబిల్ అక్కడ ‘పేరు పొందిన’ అంటుంది. చక్కగా సరిపోయింది, ఎందుకంటే ఇంగ్లిష్ మాట లోపల ఉన్నదీ పేరే. అది పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది. మూలంలో లాటిన్ ‘నోమెన్’, అంటే పేరు. ముందున్న ‘రి’ అంటే మళ్లీ. పదే పదే పేరు తలవడం, పేరెత్తి చెప్పుకోవడం. మనం ‘పేరెన్నికగన్న’ అనడంలోనూ ఇదే ఉంది. నలుగురూ ఎన్నుకుని చెప్పే పేరు.

‘కె’ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగానే అమ్మాయికి వెలిగింది. చాలామంది ఈ మాటలో ‘నోన్’, అంటే ‘తెలిసిన’ అన్న మాట ఉందనుకుంటారు. ‘వెల్ నోన్’ ఉంది కదా, ఇదీ అలాంటిదే అని. స్పెల్లింగ్‌లో ‘కె’ చేరడానికీ, పలికేటప్పుడు ‘రెనోన్డ్’ అనడానికీ కారణం ఆ ఒక్క పొరపాటే. అసలు ‘నోన్’కూ దీనికీ చుట్టరికమే లేదు. స్పెల్లింగ్ ఆర్, ఇ, ఎన్, ఓ, డబ్ల్యూ, ఎన్, ఇ, డి. ‘టౌన్’, ‘బ్రౌన్’, ‘క్రౌన్’ ఎలా పలుకుతామో ఇదీ అంతే. ‘రి’ తేలిగ్గా అని, ఒత్తు ‘నౌన్డ్’ మీద వేయాలి. స్టాల్‌లో నోటితో చెప్పాల్సిన మాట కాబట్టి నాలుగు సార్లు గట్టిగా పలికించాను.

‘రినౌన్డ్ టు’ మన తెలుగు నుంచే వస్తోంది. ‘చీరలకు ప్రసిద్ధి’, ‘బిర్యానీకి పేరు’ అంటాం. ఆ ‘కు’, ‘కి’ చెవిలో ఉండి చెయ్యి ‘టు’ రాసేస్తుంది. ఇంగ్లిష్‌లో దేనివల్ల పేరో చెప్పడానికి ‘ఫర్’ రావాలి. ఎలాంటివాడిగా పేరో చెప్పాలంటే ‘యాజ్’. "రినౌన్డ్ ఫర్ డబుల్ ఇకత్", "రినౌన్డ్ యాజ్ ఎ డయర్" (రంగులు అద్దేవాడిగా పేరు). ‘వరల్డ్’ ముందు చేరి, ఆ తర్వాత నామవాచకం వస్తే మధ్యలో హైఫన్ పెట్టాలి.

ఇక పర్యాయపదాలు. నిఘంటువులో పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదాని బదులు ఇంకొకటి పెట్టలేం. ‘ఎమినెంట్’ మనుషులకే నప్పుతుంది. న్యాయకోవిదుడు, శాస్త్రవేత్త, తన రంగంలో తల ఎత్తుకుని కనిపించేవాడు. దుపట్టా ఎమినెంట్ కాలేదు. ‘ఇల్లస్ట్రియస్’ వంశానికో, సుదీర్ఘమైన జీవితానికో, చరిత్రకో వాడతారు. ‘పాపులర్’ అంటే ఎక్కువ మందికి నచ్చింది అని, దానికి గొప్పతనంతో పని లేదు. ‘ఫేమస్’ ఎవరికైనా చెల్లుతుంది, వైరల్ అయిన వీడియోకి కూడా. ‘రినౌన్డ్’ అలా కాదు. చేసిన పని నిలబడి, తెలిసినవాళ్ల మెప్పు పొంది, కొంత కాలం గడిచాక వచ్చే పేరు అది. నిన్న తెరిచిన షాపుకు ఆ మాట పెడితే ఇంగ్లిష్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

‘నొటోరియస్’ దగ్గర ఆ అమ్మాయి తడబడటానికి మంచి కారణమే ఉంది. తెలుగులో ‘పేరుమోసిన డాక్టర్’ అంటాం, ‘పేరుమోసిన రౌడీ’ అనీ అంటాం. మాట ఒకటే, మంచా చెడా అన్నది పక్కనున్న మాట తేలుస్తుంది. ‘నొటోరియస్’ కూడా మొదట్లో ‘అందరికీ తెలిసిన’ అనే ఉండేది. తర్వాత తర్వాత చెడ్డపేరు వైపే స్థిరపడింది. ‘ఎగ్రీజియస్’ అన్న మాటకూ ఇదే జరిగింది. లాటిన్‌లో మంద నుంచి వేరుగా నిలిచినది, అంటే విశిష్టమైనది. ఇప్పుడు ఇంగ్లిష్‌లో దారుణమైన తప్పుకు వాడుతున్నారు. తన వాక్యం చదివిన ఢిల్లీ కొనుగోలుదారుకు ‘మా బట్టకు రంగు పోదని చెడ్డపేరు ఉంది’ అని అర్థమవుతుందని చెప్పాను.

వీటన్నిటి కంటే లోతైన కారణం మన పత్రికల తెలుగు. ‘ప్రముఖ నటుడు’, ‘ప్రముఖ ఆస్పత్రి’, ‘ప్రముఖ వ్యాపారవేత్త’. ఏ పేరు ముందైనా ‘ప్రముఖ’ ఒక మర్యాదలా చేరిపోతుంది. ఎందుకు ప్రముఖులు అని పాఠకులూ అడగరు. అదే అలవాటుతో ఇంగ్లిష్‌లో ‘రినౌన్డ్’ పెట్టేస్తున్నాం. ఇంగ్లిష్ పాఠకుడు దాన్ని మర్యాదగా తీసుకోడు. మీరు ఒక విషయం ప్రకటించారనుకుని వెంటనే రెండు ప్రశ్నలు వేసుకుంటాడు: దేనికి? ఎవరి దగ్గర? ఆ రెండింటికీ పేజీలో జవాబు లేకపోతే ఆ మాట వల్ల నమ్మకం పెరగకపోగా తగ్గుతుంది.

మగ్గం దగ్గర

ఈ మాట చెప్పగానే తండ్రి ముఖం మారింది. అప్పటిదాకా పక్కనే కూర్చుని వింటున్నాడు.

"అంటే మాకు పేరు లేదని రాస్తున్నరా మేడమ్? పేరు లేకుండనే ఇంత దూరం వచ్చినమా?"

"లేదని కాదన్నా. ఉందని మీరు అంటే సరిపోదు, చదివినోళ్లు అనాలి. వాళ్లు అనాలంటే మీరు ఏం చేస్తారో చెప్పాలి. పేజీలో అదే లేదు."

ఆయన లేచి లోపలి నుంచి ఒక రుమాలు తెచ్చి నా ఒళ్లో వేశాడు. ఎరుపు, నలుపు, తెలుపు. "ముందు వాసన చూడండి" అన్నాడు. నూనె వాసన. ఎన్నాళ్లయినా పోదట. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి తడిపి ఆరబెడతారు. అందుకే తేలియా. ఆ పదునుకు నూలు మెత్తబడి, ఎరుపు రంగు లోపలికి పట్టి నిలుస్తుంది. ఈ పని మొదట చీరాలలో సాగింది. అక్కడి నుంచి గల్ఫ్ దేశాలకు తలగుడ్డలుగా ఎగుమతి అయ్యేవి. ఇక్కడ రైతులు, చేపలు పట్టేవాళ్లు తలపాగాగానో లుంగీగానో వాడుకునేవారు.

తర్వాత ఆసు దగ్గరికి తీసుకెళ్లారు. తల్లి చెయ్యి మేకుల చుట్టూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నేతలో నాకు అన్నిటికంటే కష్టంగా కనిపించే పని ఇదే. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు కదలాలి. భుజాలు పట్టేస్తాయి. ఇదే జిల్లాలో ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే ఈ బాధ చూసి లక్ష్మి ఆసు యంత్రం తయారు చేశారు. దానికే 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంట్లో చీరలకు యంత్రం వాడతారు. రుమాళ్లకు మాత్రం ఆమె చేత్తోనే పోస్తుంది.

నూలు మీద గీతలు గీసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబ్ రబ్బరు సన్నగా కోసి గట్టిగా చుడతారు. రంగులో ముంచి, ఆరాక విప్పి, ఇంకో చోట కట్టి మళ్లీ ముంచుతారు. చిటికీ కట్టడం అంటారు వాళ్లు. ‘ఇకత్’ అన్న పేరు మలయ్, ఇండోనేషియా భాషల నుంచి వచ్చింది. అక్కడా దానర్థం కట్టడమే. పడుగు (నిలువు పోగులు) మాత్రమే ఇలా కడితే ఒక రకం, పేక (అడ్డ పోగులు) మాత్రమే కడితే ఇంకో రకం. పడుగూ పేకా రెండూ కట్టి, మగ్గం మీద రెండింటి రంగులూ ఒకే చోట వచ్చి కలిసేలా నేస్తే డబుల్ ఇకత్. పేక ఒక్క పోగు జరిగినా డిజైన్ అంచు చెదురుతుంది. తండ్రి ప్రతి పోగుకూ చూపుడువేలితో సర్ది, అప్పుడు పలక కొడుతున్నాడు. తేలియా రుమాల్ ఇలా నేసేదే.

ఇదంతా ఆ ఇంట్లో రోజూ జరిగేదే. అందుకే ఆ అమ్మాయికి అది రాయాల్సిన విషయమని తట్టలేదు. ‘రినౌన్డ్’ అంటే చాలు, ఇదంతా అందులో వచ్చేసిందనుకుంది. ఇలా జరగడం నేను చాలా ఇళ్లలో చూశాను. తమ పని ఎంత గొప్పదో తెలిసినవాళ్లే ఆ పనిని పేజీలో పెట్టరు.

పేజీ తిరగరాయడం

నేను పెట్టుకున్న నియమం ఒకటే. ‘రినౌన్డ్’ ఎక్కడ ఉందో అక్కడ దాన్ని కొట్టేసి, దేనికి, ఎవరి దగ్గర అన్న జవాబు రాయాలి. రాశాక ఆ మాట ఇంకా కావాలనిపిస్తే అప్పుడు వెనక్కి పెట్టాలి. రాయాల్సింది అమ్మాయే. నేను అడుగుతూ ఉంటాను.

మొదటి వాక్యంలో ‘రినౌన్ వీవర్స్’ పోయింది. ఏ ఊరు, ఎవరెవరు ఏ పని చేస్తారు అన్నది వచ్చింది. తల్లి ఆసు పోస్తుందని రాయడానికి ముందు సంకోచించింది. "అమ్మ పని కూడా రాయాలా మేడమ్?" రాయాలి. ఆమె పని లేకుండా ఆ డిజైన్ ఉండదు. ‘ఇల్లస్ట్రియస్ కాటన్’ ఉన్న చోట నూనె, బూడిద వచ్చాయి. ‘నొటోరియస్’ ఉన్న చోట ఎరుపు ఎందుకు నిలుస్తుందో రెండు వాక్యాలు వచ్చాయి. ‘ఎమినెంట్ దుపట్టాస్’ పూర్తిగా పోయాయి, ఆ చోట డబుల్ ఇకత్ ఎలా నేస్తారో వచ్చింది.

పేరు ఎవరి దగ్గర అన్న ప్రశ్నకు బయటి ఆధారాలు వెతికాం. కొదవ లేదు. ఇదే జిల్లాలోని పోచంపల్లి ఇకత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. తేలియా రుమాల్‌కు విడిగా 2020లో వచ్చింది. పుట్టపాకకు చెందిన నేత కళాకారుడు గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ ఇచ్చారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరమైంది. ఈ గౌరవాలు ఊరివి, కళవి, ఆ పెద్దలవి. ఈ కుటుంబానివి కావు. మొదట అమ్మాయి రాసిన తీరులో పద్మశ్రీ తమ ఇంటికే వచ్చిందేమో అనిపించేలా ఉంది. ఆ వాక్యాన్ని విడగొట్టించాను. తండ్రి కూడా వెంటనే ఒప్పుకున్నాడు. "వాళ్ల పేరు వాళ్లదే. మనం నేసేది మనం చెప్పుకుందాం" అన్నాడు.

అన్నీ రాశాక ‘రినౌన్డ్’ ఎక్కడైనా కావాలా అని చూసుకున్నాం. ఒక్క చోట కావాలి. "పుట్టపాక ఈజ్ రినౌన్డ్ ఫర్ ఇట్స్ డబుల్ ఇకత్." ఊరికి ఆ మాట న్యాయంగా చెల్లుతుంది. పని ఉంది, కాలం ఉంది, తెలిసినవాళ్ల మెప్పు ఉంది. దాని వెనకే భౌగోళిక గుర్తింపు వాక్యం ఉంది. ‘ఫేమస్’ పెట్టొచ్చు కదా అని అమ్మాయి అడిగింది. పెట్టొచ్చు, తప్పు కాదు. కానీ తరాల పని గురించి చెప్పే చోట ‘రినౌన్డ్’కు ఉన్న బరువు దానికి లేదు. ఆ బరువు కోసమే ఈ మాటను దాచుకుని ఒక్కసారి వాడాలని నా అభిప్రాయం.

కుటుంబం గురించి మాత్రం ఏ విశేషణమూ లేదు. దీనికి తండ్రిని ఒప్పించడానికే ఎక్కువ సేపు పట్టింది. కొత్త పేజీని అమ్మాయి తెలుగులో చెప్తూ చదివి వినిపించింది. ఆసు గురించి వచ్చినప్పుడు తల్లి చెయ్యి ఆపి వింది. అంతా అయ్యాక ఆయన అడిగింది ఒకటే: "మా నాయన పేరు పెట్టొచ్చా?" ఆయనకు పని నేర్పింది తండ్రే. పెట్టాం. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పడం కొనేవాడికి నిజంగా పనికొచ్చే సమాచారం.

తర్వాత

బ్యానర్ దగ్గర మళ్లీ తగువు వచ్చింది. దాన్ని డిజైన్ చేసిన కుర్రాడు పైన పెద్ద అక్షరాలతో ‘వరల్డ్ రినౌన్డ్ వీవర్స్’ అని పెట్టి పంపాడు. అన్ని స్టాళ్లకూ అలాగే పెడతామన్నాడు. సరిగ్గా అందుకే వద్దని అమ్మాయే చెప్పింది. పక్కపక్క స్టాళ్లన్నిటి మీదా అదే ఉంటే ఎవరూ చదవరని తనకు అర్థమైంది. బ్యానర్ మీద ‘తేలియా రుమాల్, డబుల్ ఇకత్, పుట్టపాక’ అని మాత్రం ఉంచారు.

అమ్మకాలు ఈ పేజీ వల్ల పెరిగాయని నేను చెప్పను. ఎగ్జిబిషన్‌లో అమ్మకాలకు ధర, స్టాల్ ఉన్న చోటు, ఆ రోజు జనం, ఇలా చాలా కారణాలు ఉంటాయి. మారినట్టు అమ్మాయి చెప్పింది ప్రశ్నలు. అంతకు ముందు స్టాళ్లలో "ఎంత? తగ్గిస్తారా?" దగ్గరే మాట ఆగేదట. ఈసారి పేజీ చదివినవాళ్లు రుమాలు తీసి వాసన చూశారు. పడుగు ఏది, పేక ఏది చూపించమన్నారు. ఆసు పోసే వీడియో ఉందా అని అడిగారు. ఒక కొనుగోలుదారు తర్వాత మెయిల్ రాసి, చేత్తో ఆసు పోసినవి, యంత్రంతో పోసినవి వేరువేరుగా చెప్పమన్నారు. ఆ జవాబు అమ్మాయే రాసింది. నాకు చూపించింది కానీ నేను కామా తప్ప ఏమీ మార్చలేదు. అందులో విశేషణాలు దాదాపు లేవు. ఏ రుమాలుకు ఏ పని ఎవరు చేశారో వరసగా ఉంది.

ఇలాంటి పేజీలు దిద్దే తోటి ఎడిటర్లకు ఒక సూచన. ‘రినౌన్డ్’ కనిపించగానే కొట్టేసి ‘ఫేమస్’ పెట్టి పంపకండి. రాసినవాళ్లు ఆ మాటతో ఏదో చెప్పాలనుకున్నారు, చెప్పలేకపోయారు. ఫోన్‌లో అయినా సరే, దేనికి అని ఒక్కసారి అడగండి. వాళ్లు నోటితో చెప్పే జవాబునే రాయించండి. మన దగ్గర నేతలోనూ, బొమ్మల్లోనూ, చిత్రకళలోనూ ఆ జవాబులు బోలెడు ఉన్నాయి.

ఆ అమ్మాయి ఇప్పుడు తెలుగు పేజీ రాస్తోంది, ఊళ్లో షాపు గోడ మీద పెట్టడానికి. మొదటి చిత్తుప్రతి నిన్న పంపింది. ‘ప్రముఖ చేనేత కళాకారులు’ అని మొదలుపెట్టి, తనే కొట్టేసి, కింద నూనె గురించి రాసింది. ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూలును ఎన్ని రోజులు నానబెడతారో తండ్రిని అడిగి రాయమని చెప్పాను.